రెండు జాబితాల్లో ఒక ముంగిస

ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇద్దరు కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. మీ సర్వీసు మొత్తంలో చెప్పుకోదగ్గ పని ఏం చేశారు సార్ అని అడిగారు. బావులు తవ్వించాననో, బడి కట్టించాననో చెబుతానని వాళ్ల ఆశ. ముంగిసల్ని రెండు రకాలుగా విడగొట్టానని చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాఫీ గబగబా తాగేసి, పని ఉందంటూ లేచిపోయారు. ముసలాయనకు మతి తప్పిందని దారిలో అనుకుని ఉంటారు. నా మతి బాగానే ఉంది. అప్పట్లో తప్పింది మా ఆఫీసుకు. అదెలా జరిగిందో రాస్తున్నాను. మీరూ ఏదో ఒక ఆఫీసులో చేరబోయేవాళ్లే కాబట్టి కాస్త ఓపిక చేసుకుని చదవండి.

అరవైల మొదట్లో నేను పెనుకొండ సమితిలో, అంటే ఇప్పటి మండలం లాంటి దాంట్లో, గ్రామసేవకుణ్ణి. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. విత్తనాలు, ఎరువులు, టీకాలు, మరుగుదొడ్లు, వయోజనుల చదువు, ఇలా ఏ శాఖ పని పల్లెలో జరగాలన్నా సైకిలెక్కి వెళ్లేది గ్రామసేవకుడే. మా పైన బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసరు, అంటే బీడీఓ గారు. ఆయన గుంటూరు వైపు మనిషి. మంచివాడు, బాగా చదువుకున్నవాడు. మా ఎండకూ మా సంగటికీ అలవాటు పడలేక నిత్యం కడుపు పట్టుకుని తిరిగేవాడు. ఆయనకు కోపం రాదు గానీ గొడవలంటే భయం. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా గొంతు పెంచితే చాలు, ఇద్దరిదీ రైటే అనిపించే దారి ఏదైనా ఉందేమోనని వెతికేవాడు. ఈ కథంతా ఆ వెతుకులాట వల్లే జరిగింది.

గొంతు పెంచే ఇద్దరూ మా ఆఫీసులోనే ఉండేవారు. ఒకాయన పశుసంవర్ధక విస్తరణాధికారి. మేమంతా కోళ్లాయన అనేవాళ్లం. ఇంకొకాయన వ్యవసాయ విస్తరణాధికారి. ఆయన ఎరువులాయన. ఇద్దరికీ కలిపి ఒకటే గది, ఒకటే బల్ల. బల్ల మధ్యలో సుద్దముక్కతో గీసిన గీత ఒకటుండేది. గీసింది తానని ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు, తుడవనూ లేదు. పక్కపక్కనే కూర్చుని కూడా ఒకరితో ఒకరు మాట్లాడేవారు కాదు. ఆయనతో ఇట్లా చెప్పు అని ఈయన నాతో అనేవాడు. ఈయనతో అట్లా చెప్పు అని ఆయన అనేవాడు. నేను బల్లకు అడ్డంగా నిలబడి, ఇద్దరూ విన్న మాటనే ఇద్దరికీ మళ్లీ వినిపించేవాణ్ణి.

ఆ ఏడు బెంగుళూరు నుంచి రైల్లో తెల్లకోళ్లు దిగాయి. మన నాటుకోళ్లు సిగ్గుపడేటన్ని గుడ్లు పెడతాయని చెప్పి, సమితి పల్లెపల్లెకూ పంచింది. గుడ్లు బాగానే పెట్టాయి. అయితే మా నాటుకోడికి పుట్టుకతోనే లోకం మీద అనుమానం. పొద్దు వాలితే చెట్టెక్కుతుంది, నీడ కదిలితే పరుగు తీస్తుంది. ఈ తెల్లకోళ్లు ప్రభుత్వ ఫారాల్లో, ప్రభుత్వాన్ని నమ్మి పెరిగినవి. ముంగిస ఎదురొస్తే మేత తెచ్చిందేమోనని దగ్గరికి వెళ్లేవి. కొద్ది వారాల్లోనే ఊరూరా దిబ్బల దగ్గర తెల్ల ఈకలు కనబడసాగాయి. కోళ్లాయన సైకిలు దిగి ఆ ఈకల్ని చేతిలోకి తీసుకుని చూడటం నేను చూశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన్ని మేం ఎంత ఎగతాళి చేసినా, కోళ్ల మీద ఆయనకున్న ప్రేమ నిజమైనది.

ముంగిసల్ని సమితిలో లేకుండా చేయాలని కోళ్లాయన పట్టుబట్టాడు. ముంగిసలు లేకపోతే ఎలుకలు వేరుశనగ చేలను ఊడ్చిపెడతాయని, వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకోనని ఎరువులాయన లేచాడు. ఇద్దరూ తమ తమ శాఖల చిన్న పుస్తకాలు తెచ్చి బీడీఓ గారి ముందు పెట్టారు. ఒకదాంట్లో ముంగిస "కోళ్లకు శత్రువులు" అనే జాబితాలో ఉంది. రెండోదాంట్లో "రైతు మిత్రులు" అనే జాబితాలో ఉంది. రెండూ ప్రభుత్వం అచ్చేసినవే.

"ఒకే జంతువు రెండు జాబితాల్లో ఎలా ఉంటుందయ్యా?" అన్నారు బీడీఓ గారు.

ఆ జంతువు ఈ పుస్తకాలు చదవలేదు సార్ అని చెప్పాల్సినవాళ్లం ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ముగ్గురం ఆ పుస్తకాల వైపే చూశాం. ఆయన కాఫీ తాగుతూ చాలాసేపు ఆలోచించారు. ప్రభుత్వ పుస్తకాలు రెండూ తప్పు కాలేవు కాబట్టి, జంతువే రెండు రకాలై ఉండాలని తేల్చారు. ఒకటి కోళ్లు తినే ముంగిస, రెండోది ఎలుకలు తినే ముంగిస. తర్వాత తన కాలేజీ రోజుల ఇంగ్లీషు పుస్తకం తెప్పించి, వీజెల్ అనే ఒక సన్నటి జంతువు బొమ్మ చూపించి, ఇలాంటిది మన వైపు ఉందా అని నన్నడిగారు. బొమ్మలో దాని చుట్టూ మంచు ఉంది. పెనుకొండలో మంచు కురవదు సార్ అన్నాను. ఆయన నిరాశపడ్డారు గానీ పట్టు వదల్లేదు. హిందూపురం, ధర్మవరం సమితుల వాళ్లతో ఫోన్లో మాట్లాడి, వాళ్లకూ ఇదే తలనొప్పి ఉందని తెలుసుకుని, ఏ రకం ముంగిస ఏ ప్రాంతంలో ఉందో మూడింటికీ కలిపి నన్నే చూసి రమ్మన్నారు. నన్నే ఎందుకంటే, జంతుశాస్త్రంలో తప్పినట్టు నా దరఖాస్తులో ఉంది. ఆయన జంతుశాస్త్రం అన్నంతవరకే చదివినట్టున్నారు.

ముందు హిందూపురం వెళ్లాను. అక్కడి గ్రామసేవకుడు నా ఈడువాడే. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు. చింతపండు మండీల్లో, బెల్లం మూటల కింద ఎలుకల కోసం తిరిగే ముంగిసల్ని చూపించాడు. చిలమత్తూరు దాటాక ఒక పల్లెకు తీసుకెళ్లాడు. అక్కడొక ఇల్లాలు తన తెల్లకోడి పోయిన సంగతి చెప్పి, అంతకుముందు రోజు అదే ముంగిస దొడ్లో పామును కూడా చంపిందని చెప్పింది. ఆ రెండూ వేరువేరు ముంగిసలేమో అని నేను ఆశగా అడిగాను.

"యాడివి రెండు సామీ? మా దొడ్లో ఉండేది ఒగటే ముంగి. దానికి ఆకలైతాది, తింటాది."

ఆ మాట అలాగే రాసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు మా హిందూపురం మిత్రుడు నవ్వి, సుమ్నే, ఊరికే ఎందుకప్పా తలనొప్పి, మనుషులు చెప్పింది రాస్తే ఆఫీసులో మళ్లీ మళ్లీ అడుగుతారు, తోకా చెవీ చూసి రాసుకో, వాటిని ఎవరూ ఎదురడగరు అన్నాడు. అది సలహానో, వేళాకోళమో నాకు తెలియలేదు.

తోకలు చూడటం అలా మొదలుపెట్టాను. పెనుకొండ కొండెక్కితే, కోట గోడల పగుళ్లలో నిజంగానే ఇంకో రకం కనబడింది. చేలల్లో తిరిగేది బూడిద రంగు. కొండ మీదిది ఎరుపు తిరిగిన రంగు, తోక కొన నల్లగా ఉంది. నడిచేటప్పుడు ఆ కొనను పైకి వంచి నడిచింది. బండ మీద నిలబడి నన్ను తేరిపార చూసి, పనేమీ లేనివాడని తెలుసుకున్నట్టు పగుల్లోకి దూరిపోయింది. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. జంతుశాస్త్రం తప్పినవాడికి కొత్త జంతువు దొరికితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ధర్మవరంలో ఎక్కడా వెతకాల్సిన పని లేకపోయింది. ఒక నేతాయన ఇంట్లోనే ఒకటి ఉందని స్టేషను బయట చెప్పారు. చిన్న ఇల్లు, సగం ఇల్లు మగ్గమే. నేలలో గుంట తీసి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. నేతాయన కాళ్ల పక్కన, గుంట మూలలో, ముంగిస చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. ఆయన కాలు ఆడించినప్పుడల్లా ఒక చెవి కదిలించి మళ్లీ నిద్రపోయేది. తోక కొన నల్లగా ఉంది. పెనుకొండ కొండ మీద దొరికిన పిల్లను కట్టెలమ్మేవాళ్లు తెచ్చిస్తే నేతాయన తల్లి పెంచిందట. తెగిన జరీపోగుల్ని పేని దాని మెడకు కట్టింది. నేనూ ఆమెను అందరిలాగే అవ్వా అనే పిలిచాను.

ముంగిసను పెంచుకోవడం ముచ్చట కోసమేమో అనుకున్నాను. అవ్వ పడుగు మీద కప్పిన గుడ్డ తీసి, నేతకు సిద్ధంగా సాగదీసిన పట్టుపోగుల్ని చూపించింది.

"ఎలుకలు గుంటలోకి దూరి ఈ పోగులు కొరుకుతాయి నాయనా. ఈ పడుగు మాది గాదు, సావుకారిది. తెగిందంటే సీర పోతాది. మల్లా పడుగియ్యడు. ఇది వచ్చినంక ఒక పోగు గూడా తెగలే."

ఆ ఇంటికి మగ్గం తప్ప వేరే ఆధారం లేదు. మగ్గానికి ఆ ముంగిస తప్ప కాపలా లేదు. అది అవ్వ చేతి సంగటి తినేది, ఇంటి నాటుకోళ్ల మధ్యే తిరిగేది. కోళ్లు దాన్ని లెక్కచేసేవి కావు. ధర్మవరంలో నల్లకొన ముంగిస ఒకటి, పెంపుడుది అని రాసుకుని రైలెక్కాను.

మొదట నేనిచ్చిన రిపోర్టులో, ముంగిస ఏ రకమైనా దొరికింది తింటుందని రాశాను. స్పష్టత లేదని అది తిరిగొచ్చింది. రెండోసారి తోకల సంగతి మాత్రం రాశాను. బీడీఓ గారి ముఖం వెలిగిపోయింది. రెండు రకాలున్నాయని తాను ముందే అన్నానని అందరికీ గుర్తుచేశారు. ఇక ఏది ఏదో తేలాలి. కొన నల్లగా ఉన్నదే శత్రువై ఉంటుందని ఆయనకు తోచింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అది అందరికీ నచ్చింది. కోళ్లాయనకు చంపడానికొక శత్రువు దొరికాడు. ఎరువులాయన మిత్రుడు చేలల్లో క్షేమంగా మిగిలాడు. నష్టపోయింది కొండ మీద ఉంటూ జన్మలో తెల్లకోడి మొహం చూడనివి. కొండ మీద కోళ్లే లేవు సార్ అని నేను గొణిగాను. అందుకే అవి కిందికి దిగకముందే అరికట్టాలి అన్నారు బీడీఓ గారు.

కొన్నేళ్ల తర్వాత ఒక జంతుశాస్త్రం మేష్టారు నాకు అసలు సంగతి చెప్పాడు. ఆ రెండూ నిజంగానే వేరువేరు రకాలట. ఒకటి రాళ్లగుట్టలది, ఒకటి చేలది. తిండి దగ్గర మాత్రం రెండింటికీ తేడా లేదు, ఏది అందితే అది తింటాయి. ఇక బీడీఓ గారి వీజెల్ అసలు ఆ కుటుంబమే కాదట, మంచుకొండలు దాటి మన వైపు ఎన్నడూ రాలేదట. అంటే నేను విడగొట్టింది నిజమే, దానికి మేం పెట్టుకున్న అర్థమే అబద్ధం. అయితే ఆ మేష్టారు అప్పుడు మా దగ్గర లేడు. ఉన్నా పిలిచేవాళ్లం కాదు.

నల్లకొన ముంగిసల్ని ఏరివేసే ఉద్యమం ప్రారంభించడానికి అనంతపురం నుంచి జిల్లా అధికారి వస్తున్నారని తెలిసింది. సమితి ఆవరణలో ప్రదర్శన పెట్టాలని నిర్ణయించారు. రెండు బోన్లు, వాటి మీద రెండు బోర్డులు. ఒక బోర్డు మీద "మిత్రుడు", ఇంకోదాని మీద "శత్రువు". హైస్కూలు డ్రాయింగు మేష్టారు శత్రువు అనే మాటను ఎర్రరంగుతో, రక్తం కారుతున్నట్టు రాశాడు. మిత్రుణ్ణి ఒక చేలో పట్టుకొచ్చారు. శత్రువు దొరకలేదు. ఉచ్చులు పెట్టేవాళ్లు కొండంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. ముందురోజు సాయంత్రం బీడీఓ గారికి నా రిపోర్టులోని ధర్మవరం గుర్తొచ్చింది.

పొద్దున్నే జీపు వేసుకుని నేనే వెళ్లాను. ఒక్క పూట పని, చూపించి తెచ్చిస్తామని చెప్పాను. నేతాయన ప్రభుత్వ జీపును చూసి ఏమీ అనలేకపోయాడు. అవ్వ మాత్రం ముంగిసను ఒళ్లో నుంచి దించలేదు.

"పొద్దు గూకేలోపల ఇంట్లో దించల్ల నాయనా. రాత్రికి గుంటలో ఎవురుంటారు?"

దించుతానని మాటిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

జిల్లా అధికారి చురుకైన మనిషి. కోళ్లు చూశారు, ఎరువులు చూశారు, బోన్ల దగ్గరికొచ్చి ఆగారు. ఊరికే బోర్డులు చూసి నమ్మమంటారా, ఏది ఏం తింటుందో చూపించండి అన్నారు. బీడీఓ గారికి చెమటలు పట్టాయి. శత్రువు బోనులోకి ఒక తెల్లకోడిని వదిలారు. శత్రువు లేచి, ఒళ్లు విరుచుకుని, పక్కకు జరిగి దానికి చోటిచ్చి పడుకుంది. కోడి దాని వీపు మీద ఒకసారి పొడిచి చూసింది. తర్వాత ఒక ఎలుకను వదిలారు. అది నేల తాకిందో లేదో, శత్రువు దాన్ని పట్టేసింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు.

మిత్రుడు అంతకుముందు రోజే చేలోంచి వచ్చినవాడు. ఎలుకను వదలడానికి బోను తలుపు కాస్త తీశారో లేదో, ఎలుకనూ, దాన్ని వదిలే మనిషినీ తోసుకుంటూ బయటపడి, కోళ్ల స్టాలు మీదుగా పరుగు తీశాడు. పోతూ పోతూ, మెడకు నీలం రిబ్బను కట్టి ఉన్న మొదటి బహుమతి పెట్టను గొంతు పట్టుకుని ఈడ్చుకుపోయాడు. కంచె కింద రిబ్బను మాత్రం మిగిలింది. కోళ్లాయన కుర్చీలో కూలబడ్డాడు. ఎరువులాయన నవ్వబోయి, పారిపోయింది తన మిత్రుడేనని గుర్తొచ్చి మానుకున్నాడు.

ఇక్కడితో మా ఆఫీసుకు బుద్ధి రావాలి. జిల్లా అధికారి రెండు బోన్లనూ మార్చి మార్చి చూసి, బోర్డులు తారుమారైనట్టున్నాయే అన్నారు. అవును సార్, మా గ్రామసేవకుడి పొరపాటు అన్నారు బీడీఓ గారు ఊపిరి పీల్చుకుంటూ. అక్కడికక్కడే బోర్డులు విప్పి మార్చి కట్టించారు. ఒక్క నిమిషంలో కొండ ముంగిసలన్నీ మిత్రులయ్యాయి, జిల్లాలోని చేలన్నీ శత్రువులతో నిండిపోయాయి. చేలల్లోవాటిని చంపాలని ప్రతి గ్రామసేవకుడికీ టార్గెట్టు ఇచ్చారు. మా వైపు రైతు పొద్దున్నే ముంగిస ఎదురైతే మంచి శకునమని మురిసిపోతాడు. వాణ్ణి ముంగిసను చంపమంటే ఎట్లా చంపుతాడు? ఆ ఏడు మేం సున్నా చుట్టిన టార్గెట్టు అదొక్కటే, దాని గురించి నాకిప్పటికీ సంతోషమే.

కానీ అవ్వ ముంగిస సంగతి వేరే అయింది. శత్రువుగా ఉన్నంతవరకు దాన్ని తిరిగివ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మిత్రుడయ్యాక అది అందరికీ కావలసి వచ్చింది. ఇంత మంచి నమూనాను అన్ని సమితుల్లోనూ చూపించాలి అన్నారు జిల్లా అధికారి. ఆ సాయంత్రం అది ధర్మవరం వెళ్లలేదు. ఎరువుల బస్తాల గదిలో బోనులో ఉండిపోయింది. దానికి పాలూ బన్నూ పెట్టమని ఉత్తర్వు. అది పాలు ముట్టేది కాదు. నేను హోటలు నుంచి సంగటి తెచ్చి పెడితే ఇంత తినేది. హిందూపురం ప్రదర్శనకు దాన్ని నేనే తీసుకెళ్లాను. జనం మిత్రుణ్ణి చూసి దండం పెట్టి వెళ్లారు. అది బోను మూలలో గుంట తవ్వుతూనే ఉంది, గోళ్ల నుంచి నెత్తురొచ్చేదాకా తవ్వింది.

నేతాయన రైల్లో వచ్చి మా వరండాలో కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు, కూర్చుని వెళ్లేవాడు. నేను బీడీఓ గారితో మాట్లాడాను. అది ఇప్పుడు సమితి ఆస్తి, స్టాకులోకి ఎక్కింది, ప్రైవేటు మనిషికి ఎలా ఇస్తాం అన్నారు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు, నిస్సహాయత ఉంది. మూడోసారి వచ్చినప్పుడు నేతాయన పైపంచె కొంగు విప్పి, ముక్కలు ముక్కలుగా తెగిన పట్టుపోగుల్ని బీడీఓ గారి బల్ల మీద పెట్టాడు. చీర పోయింది. ఇంట్లో ఎలుకలు లేవని తన కళ్లతో చూస్తే గానీ కొత్త పడుగు ఇవ్వనని సావుకారు చెప్పాడట. పెళ్లిళ్ల కాలం ముందుంది. ఇప్పుడు పడుగు రాకపోతే మగ్గం విప్పి కూలికి పోవాలట. బీడీఓ గారు నిజంగానే బాధపడ్డారు. బాధపడి, స్టాకులో నుంచి ఎలుకల మందు పొట్లం ఒకటి తెప్పించి ఇచ్చారు.

"మందు తిన్న ఎలుక బయటికి రాదు సార్, గుంటలోనే సస్తాది. మేం కాళ్లు పెట్టేది ఆ గుంటలోనే గదా," అన్నాడు నేతాయన. పొట్లాన్ని కళ్లకద్దుకుని బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు.

మాటిచ్చింది ప్రభుత్వం కాదు, నేను. మా హెడ్ గుమాస్తాను పట్టుకున్నాను. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి, ఆఫీసులో దేనికీ ఆశ్చర్యపోనివాడు. స్టాకులో ఎక్కిన వస్తువు దిగాలంటే ఒకటే దారి, అది పనికిరాదనో ప్రమాదకరమనో సంబంధిత అధికారి తేల్చాలి, అప్పుడు నాశనం చేయమని ఉత్తర్వు వస్తుంది అన్నాడు. చెప్పి, నా మొహం చూసి, కళ్లజోడు తుడుచుకోవడంలో మునిగిపోయాడు.

మిత్రుణ్ణి మళ్లీ శత్రువును చేయాలి. కోళ్లాయన దగ్గరికి వెళ్లాను. తన బహుమతి పెట్ట పోయినప్పటి నుంచి ఆయన మనిషి కాలేదు. అయినా నేను చెప్పింది విని, హిందూపురంలో ఈ జంతువు ఒక కోడి మీద దాడి చేసినట్టు తెలిసిందని అడక్కుండానే రాసి సంతకం పెట్టాడు. జంతువు ఉన్నది రైతు మిత్రుల జాబితాలో కాబట్టి దాని పక్కన ఎరువులాయన సంతకం కూడా కావాలి. నేను కాగితం పట్టుకుని అలవాటు ప్రకారం బల్లకు అడ్డంగా నిలబడ్డాను. కోళ్లాయన నా చేతిలోంచి దాన్ని లాక్కుని, గీతకు అవతల పెట్టి, సూటిగా ఆయన మొహం చూశాడు.

"ఆ ముసలామె మగ్గం ఆగిపోయిందంటప్పా. సంతకం పెట్టు."

నాకు తెలిసి ఆ ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవడం అదే మొదలు. ఎరువులాయన చదవకుండానే సంతకం పెట్టి, మధ్యాహ్నం ఇద్దరికీ కలిపి టీ తెప్పించాడు.

బీడీఓ గారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. నాశనం చేయవలెను అని రాసి, కలం ఎత్తకుండా నన్ను అడిగారు.

"ఎక్కడ చేస్తావయ్యా?"

"ధర్మవరంలో సార్."

"అంత దూరం ఎందుకు?"

"మధ్యాహ్నం రైలుంది సార్."

ఆయన తల ఎత్తలేదు. సంతకం పెట్టి, కాగితం నా వైపు తోసి, కడుపు నొప్పిగా ఉందంటూ క్వార్టర్స్‌కు వెళ్లిపోయారు. ఆయన్ని ఎంత వెక్కిరించినా, ఆ సంతకం కోసం ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవమే.

ఆ ముంగిసల పుణ్యమా అని, తర్వాతి కాలంలో వాటి గురించి వార్త ఏది కనబడినా చదివేవాణ్ణి. వాటిని కాపాడాలని చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా రంగులేసే బ్రష్షుల కోసం వాటి వెంట్రుకలు అమ్ముతూనే ఉన్నారని పేపర్లో చూశాను. రెండు రకాలనూ ఒకే జాబితాలో పెట్టారని తెలిసినప్పుడు మాత్రం, మా ఆఫీసుకు అందనిది ఎవరికో అందిందని సంతోషించాను. మీలో ఎవరైనా అటవీ శాఖలో చేరితే, పెనుకొండ కోట గోడల దగ్గర ఒకసారి నిదానంగా కూర్చోండి. తోక కొన పైకి వంచి నడిచేది ఇంకా కనబడుతుందేమో చూడండి.

ఆ మధ్యాహ్నం బోనును గుడ్డలో చుట్టి రైలెక్కాను. ధర్మవరంలో ఆ ఇల్లు చేరేసరికి మగ్గం ఖాళీగా ఉంది. గుంటలో చీకటి తప్ప ఏమీ లేదు. బోను తలుపు తీయగానే ముంగిస ఎవరినీ చూడకుండా నేరుగా గుంటలోకి దూకింది. లోపల కొద్దిసేపు గోకిన చప్పుడు, తర్వాత కీచుమని ఒక అరుపు, తర్వాత నిశ్శబ్దం. నేతాయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. సావుకారు చూసుకుని వెళ్లాడని, తర్వాతి వారమే పడుగు ఇచ్చాడని ఆనక తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. అవ్వ నాకు చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. ఎట్లా ఇచ్చినారు నాయనా అని అడిగితే, దాచకుండా అంతా చెప్పాను. అవ్వ శ్రద్ధగా విన్నది.

"అయితే మీ లెక్కలో ఇది యేమైనట్టు?"

"సచ్చిపోయినట్టే అవ్వా."

"ఇంగెవురూ దీని కోసం రారు గదా?"

"రారు."

అవ్వ గుంట వైపు చూసింది. ఖాళీ మగ్గం వైపు చూసింది. కాస్సేపు ఏదో లెక్క వేసుకుంది.

"అట్లయితే ఈ మగ్గాన్ని గూడా సచ్చిపోయిందని రాసిపో నాయనా. దీని జోలికీ ఎవురూ రారు."

నేను నవ్వాను. అవ్వ నవ్వలేదు. నేను రాస్తాననే అనుకుని, నా చొక్కా జేబులోని పెన్ను వైపు చూస్తూ కూర్చుంది.